ముందు నంబరు, తర్వాతే పేరు

పోయిన సంచికలో పాత మద్రాసు గురించి ఒకరు అడిగితే జవాబు చివర్లో ఒక్క ముక్క రాశాను, ఆసియా అనే గ్రహశకలం దొరికింది కూడా మద్రాసులోనే అని. అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఉత్తరాలు, మెయిళ్లు, రెండు వాయిస్ మెసేజ్‌లు. కొన్ని ప్రశ్నలకు నేను కూడా పుస్తకాలు తిరగేయాల్సి వచ్చింది. కాబట్టి ఈ నెల పేజీలు మొత్తం ఆ రాళ్లకే. పెరుగు ఎందుకు సాగుతుందని అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే మొదటి ప్రశ్న.

ప్రశ్న: ఆసియా గ్రహశకలం మద్రాసులో దొరికిందన్నారు. అంటే అక్కడ నేల మీద పడిందా? మ్యూజియంలో పెట్టారా? ఒక ఖండం పేరు ఒక రాయికి ఎవరు పెట్టారండీ?
— రిటైర్డ్ టీచర్, నెల్లూరు

మాస్టారూ, తప్పు నాదే, 'దొరికింది' అని రాశాను. పడలేదండీ. అది ఈ రాత్రి కూడా అంగారకుడికీ గురుడికీ మధ్య తన దారిన తాను తిరుగుతూనే ఉంది. ఆ రెండు గ్రహాల మధ్య ఖాళీలో లక్షల కొద్దీ రాళ్లు సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాయి, దాన్నే ప్రధాన గ్రహశకలాల వలయం అంటారు. మన ఆసియా ఆ వలయంలో లోపలి వైపు ఉంటుంది, అడ్డంగా 60 కిలోమీటర్ల లోపు, సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి మూడు ముప్పావు సంవత్సరాలు పడుతుంది. నేల మీద పడి దొరికితే దాన్ని ఉల్కాశిల అంటారు. పేపర్లలో అన్నిటికీ కలిపి 'ఉల్క' అని రాసేస్తారు కాబట్టి ఈ గందరగోళం మీ ఒక్కరిదే కాదు.

మద్రాసులో జరిగింది ఏమిటంటే, 1861 ఏప్రిల్ 17 రాత్రి నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లీషాయన అక్కడి అబ్జర్వేటరీ టెలిస్కోపులో దాన్ని మొదటిసారి పట్టుకున్నారు. ఆయన మద్రాసు వచ్చి అప్పటికి కొద్ది నెలలే. పట్టుకోవడం అంటే ఎలాగంటారా, ఫోటోలు లేని కాలం. నక్షత్రాల పటం ఒకటి పక్కన పెట్టుకోవాలి, టెలిస్కోపులో కన్ను పెట్టాలి, ఆకాశంలో ఒక చిన్న ముక్కలో ఉన్న చుక్కలన్నీ పటంలో ఉన్నాయా లేవా అని ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. పటంలో లేని చుక్క కనబడితే దాని చోటు గుర్తుపెట్టుకుని కాసేపాగి మళ్లీ చూడాలి, మర్నాడు మళ్లీ చూడాలి. కదలకపోతే పటం గీసినవాడు దాన్ని వదిలేశాడని అర్థం. కదిలిందా, మీ పంట పండినట్టే. ఈ వలయంలో రాయి మనకు దగ్గరగా ఉన్న రోజుల్లో రోజుకు నిండు చందమామ వెడల్పులో సగం దాకా జరుగుతుంది, అందుకని గంటసేపు ఓపిక పడితే కదలిక తెలిసిపోతుంది. ఏప్రిల్ నెల, మద్రాసు ఉక్కపోత, దోమలు, ఫ్యాను లేని రోజులు. ఇవన్నీ కలిపి ఊహించుకోండి.

ఆసియా ఖండం మీద నుంచి కనుగొన్న మొట్టమొదటి గ్రహశకలం అదే. ఆసియా అనే పేరు గ్రీకు పురాణాల్లో ఒక దేవతకు ఉంది. అప్పట్లో గ్రహశకలాలకు దేవతల పేర్లు, అందులోనూ ఆడపేర్లు పెట్టడం రివాజు (మగపేరు రావడానికి 1898లో ఎరోస్ దొరికేదాకా ఆగాల్సి వచ్చింది). కాబట్టి ఆసియా అంటే దేవత పేరూ అవుతుంది, దొరికిన చోటూ చెప్పినట్టవుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు. దాని నంబరు 67, అంటే అప్పటికి ప్రపంచం మొత్తం లెక్కలో ఉన్నవి 66 మాత్రమే.

పాగ్సన్ ముప్ఫై ఏళ్లు మద్రాసులోనే ఉండిపోయి 1891లో అక్కడే పోయారు. ఈలోగా అక్కడి నుంచే ఇంకో నాలుగు పట్టారు: 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా, 1885లో వీరా. వీటిలో సిల్వియా సంగతి మాత్రం చెప్పి తీరాలి. దాని చుట్టూ రెండు చిన్న చందమామలు తిరుగుతున్నాయని 2005లో తేలింది. ఒక గ్రహశకలానికి రెండు ఉపగ్రహాలు ఉన్నట్టు తెలియడం అదే మొదలు. ఆ తర్వాత కెమిల్లాకు కూడా రెండున్నాయని తేలింది. రెండూ మద్రాసు పిల్లలే! పాగ్సన్ చూసింది ఒట్టి చుక్క, ఆ చుక్కకు ఇంత సంసారం ఉందని ఆయనకు తెలిసే వీలే లేదు.

మీరెప్పుడైనా చెన్నై వెళ్తే ఇంకో చిన్న విషయం. ఆ అబ్జర్వేటరీ ఉన్న చోటు నుంగంబాక్కం, ఇప్పుడు అక్కడ వాతావరణ శాఖ ఆఫీసు ఉంది. 1792లో పాతిన పెద్ద గ్రానైటు స్తంభం ఇంకా మిగిలి ఉంది, దాని మీద లాటిన్, తమిళంతో పాటు తెలుగులో కూడా చెక్కారు. ఆసియాలో గణితశాస్త్రాన్ని మొట్టమొదట నాటింది బ్రిటిషువాళ్ల ఔదార్యమేనని వెయ్యేళ్ల తర్వాతివాళ్లకు తెలియాలట, దాని సారాంశం అది. ఆర్యభటుడి ఊసు వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ప్రశ్న: పటంలో లేని చుక్క కనబడి కదిలితే కనిపెట్టినట్టేనా? మరి నంబరు, పేరు వెంటనే ఇచ్చేయొచ్చు కదా, ఏళ్ల తరబడి ఎందుకు ఆపుతారు? సర్కారు ఆఫీసు ఫైలు లెక్క ఉన్నది ఇది.
— డిగ్రీ సెకండియర్, వరంగల్

ఫైలు పోలిక బాగుంది తమ్ముడూ, కానీ ఇక్కడ ఆపేది గుమస్తా కాదు. చుక్కను చూడటం సులువు, రేపు అది ఎక్కడుంటుందో చెప్పడమే కష్టం. చెప్పలేకపోతే అది పోయినట్టే లెక్క.

మొట్టమొదటి గ్రహశకలం కథే తీసుకో. 1801 జనవరి 1, ఇటలీ పక్కన సిసిలీ ద్వీపంలో పలెర్మో ఊరు. జుసెప్పె పియాజ్జి అనే ఫాదరీ నక్షత్రాల జాబితా తయారు చేస్తూ ఒక చుక్కను రాసుకున్నాడు. మర్నాడు చూస్తే అది జరిగింది. ఆ మర్నాడు ఇంకా జరిగింది. తోకచుక్క అని బయటికి చెప్పాడు గానీ, అంతకంటే గొప్పదే అయ్యుండొచ్చని లోపల అనుమానం. ఫిబ్రవరి 11 దాకా చూశాడు. తర్వాత ఒంట్లో బాగాలేకుండా పోయింది. ఇంతలో ఆ చుక్క సూర్యుడి వెలుగులోకి వెళ్లిపోయింది. కొన్ని నెలల తర్వాత సూర్యుడి పక్క నుంచి బయటికి రావాలి, కానీ ఎక్కడ వస్తుంది? ఆకాశం అంత పెద్దది, చేతిలో ఉన్నది నలభై రోజుల లెక్క. అది మొత్తం దారిలో ఒక చిన్న వంపు మాత్రమే. ఊరి చివర బండి వంద గజాలు వెళ్లడం చూసి, ఆరు నెలల తర్వాత అది ఏ ఊరి సంతలో ఉంటుందో చెప్పమన్నట్టు.

యూరప్‌లో పెద్ద పెద్దవాళ్లంతా వెతికి చేతులెత్తేశారు. అప్పుడు ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, జర్మనీలో కార్ల్ ఫ్రీడ్రిక్ గాస్, ఆ కాస్త లెక్కతోనే మొత్తం కక్ష్య కట్టే పద్ధతి తయారు చేసి, ఫలానా చోట చూడండి అన్నాడు. టెలిస్కోపు ముట్టుకోలేదు, కాగితం కలం అంతే. 1801 డిసెంబరు 31న, అంటే ఏడాది తిరగకుండానే, అతను చెప్పిన చోటుకు దగ్గరలోనే అది దొరికింది. అదే సెరెస్. నన్నడిగితే సెరెస్‌ని పియాజ్జి ఒకసారి, గాస్ ఒకసారి, ఇద్దరూ కలిసి కనిపెట్టారు అంటాను. ఎవరైనా పేచీ పెట్టుకుంటే పెట్టుకోండి.

ఇప్పటి పద్ధతి కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒక రాత్రి చూస్తే లెక్కలోకి రాదు. కనీసం రెండు రాత్రుల కొలతలు ఉంటే తాత్కాలిక గుర్తు ఒకటి ఇస్తారు. తర్వాత అది సూర్యుడి వెనక్కి వెళ్లి, మళ్లీ మనవైపు వచ్చి, మళ్లీ కొలిచి, అలా సాధారణంగా నాలుగు విడతలైనా చూశాక కక్ష్య గట్టిగా కుదిరిందనుకుంటే అప్పుడు శాశ్వత నంబరు. ఈ లెక్కలన్నీ చూసేది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో ఉన్న మైనర్ ప్లానెట్ సెంటర్. నంబరు వచ్చాకే పేరు గురించి మాట. తొందరపడితే ఏమవుతుందో చెబుతాను విను. 1916లో అమెరికాలో మిల్డ్రెడ్ అనే గ్రహశకలానికి 878 నంబరూ ఇచ్చారు, పేరూ పెట్టారు. హార్లో షాప్లీ అనే పెద్ద ఖగోళ శాస్త్రజ్ఞుడి పసి కూతురి పేరు అది. పెట్టాక రాయి కనబడకుండా పోయింది. మళ్లీ దొరికింది 1991లో. డెబ్బై అయిదేళ్లు పేరుంది, మనిషి లేదు. రేషన్ కార్డులో చూస్తుంటాం, అలాంటిదే.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. స్కూలు తరఫున ఆన్‌లైన్‌లో గ్రహశకలాలు వెతికే కార్యక్రమంలో చేరింది. ఒకటి కనిపెట్టిందని సర్టిఫికెట్ వచ్చింది, దాని మీద నాసా గుర్తు కూడా ఉంది. లోకల్ పేపర్లో ఫోటో వేశారు. బంధువులంతా 'దానికి పాప పేరే పెడతారట కదా' అని ఫోన్లు. పెడతారా సార్? ఎప్పుడు? ఎవరికి అప్లై చేయాలి? టెన్షన్‌గా ఉంది.
— ఒక తండ్రి, నిజామాబాద్

ముందు పాపకు నా తరఫున శుభాకాంక్షలు చెప్పండి. ఇది మెచ్చుకోదగ్గ పనే, కంప్యూటరు ముందు కూర్చుని చుక్కల్లో చుక్కను వెతకడం ఆ వయసు పిల్లలకు అంత తేలిక కాదు. పెద్దవాళ్లం రీళ్లు చూస్తూ గడిపే టైములో వాళ్లు ఇది చేస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతి, మెల్లిగా చెబుతాను. ఈ కార్యక్రమాన్ని నడిపేది అమెరికాలో టెక్సాస్‌లో ఒక విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ బృందం, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఐఏఎస్‌సీ అంటారు. హవాయి దీవుల్లో కొండ మీద ఉన్న పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన ఫోటోలు, ఆకాశంలో ఒకే చోటువి, కొన్ని నిమిషాల తేడాతో తీసినవి, నాలుగేసి చొప్పున పిల్లలకు పంపుతారు. ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదాని వెంట ఒకటి టపటపా మార్చి చూస్తే నక్షత్రాలన్నీ కదలకుండా ఉంటాయి, ఒక్క చుక్క మాత్రం గీత గీసినట్టు జరుగుతుంది. దాన్ని గుర్తించి, కొలతలు తీసి, రిపోర్టు పంపాలి. పాగ్సన్ కన్నుతో చేసిన పనే, కన్ను బదులు కెమెరా.

పాప పంపినది మొదటి మెట్టు, ప్రాథమిక గుర్తింపు. సర్టిఫికెట్ ఇచ్చేది సాధారణంగా ఈ మెట్టుకే. కెమెరాలో పడ్డ మచ్చ కూడా ఒక్కోసారి చుక్కలా కదిలినట్టు కనబడుతుంది, పాత రాయే కొత్తదిలా కనబడుతుంది, ఇవన్నీ తర్వాత వడకట్టాలి. రెండో మెట్టు, ఇంకో రాత్రి కూడా ఎవరో ఒకరు దాన్ని చూసి కొలిస్తే తాత్కాలిక గుర్తు వస్తుంది. మూడో మెట్టు, పైన వరంగల్ కుర్రాడికి చెప్పినట్టు ఏళ్ల తరబడి చూశాక శాశ్వత నంబరు. ఆరేళ్లు పట్టొచ్చు, పదేళ్లూ పట్టొచ్చు, అప్పటికి పాప ఇంజనీరింగో మరోటో చదువుతూ ఉంటుంది. ఆ తర్వాతే పేరు సూచించే హక్కు. అప్పుడు కూడా ఆ కనుగొన్నవారి జాబితాలో పాప పేరు ఉండాలి, ఒక గుంపుగా చేసి ఉంటే అందరూ కలిసి సూచించాలి. పైగా తన పేరు తాను పెట్టుకోవడం ఈ రంగంలో మర్యాద కాదు. తోకచుక్కలకు కనుగొన్నవాళ్ల పేరే వచ్చేస్తుంది. మన హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో ఉన్నప్పుడు ఇంకో ఇద్దరితో కలిసి కనిపెట్టిన తోకచుక్కకు బప్పు పేరు అలాగే వచ్చింది. గ్రహశకలాలకు ఆ ఆచారం లేదు. బప్పు పేరుతో 2596 నంబరు గ్రహశకలం కూడా ఉంది, అది ఆయన గౌరవార్థం వేరేవాళ్లు పెట్టినది.

కాబట్టి ఇప్పుడు ఎవరికీ అప్లై చేయనక్కర్లేదు. టెన్షన్ అసలే వద్దు. బంధువులకు ఏం చెప్పాలంటే 'మా పాప ఒక కదిలే చుక్కను పట్టుకుంది, అది నిలబడుతుందో లేదో చూస్తున్నారు' అని చెప్పండి. నిజం అంతే, అది చిన్నదేమీ కాదు. పేపరువాళ్ల మీద మాత్రం నాకు కాస్త కోపం ఉంది, 'గ్రహశకలం కనిపెట్టిన బాలిక, నాసా ప్రశంస' అని హెడ్డింగు పెట్టేస్తారు, ఆ తర్వాత ఆ రాయి గతి ఏమైందో ఒక్కరూ రాయరు, పిల్లేమో ఏడాదికోసారి అదే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. పాప దగ్గర ఆ రిపోర్టు కాపీ, తేదీ, తాత్కాలిక గుర్తు వస్తే అది, జాగ్రత్తగా దాచి పెట్టండి.

పేరు రావడానికి ఇంకో దారి ఉంది. అమెరికాలో పెద్ద సైన్స్ పోటీల్లో గెలిచిన పిల్లల పేర్లను, లీనియర్ అనే సర్వే కనుగొన్న గ్రహశకలాలకు పెడుతూ వచ్చారు, ఆ జాబితాల్లో భారత సంతతి పిల్లల పేర్లు చాలానే ఉన్నాయి. వాళ్లెవరూ ఆ రాళ్లను కనిపెట్టలేదు, ఎక్కడో చెరువు నీళ్ల మీదో, మొక్కల మీదో ప్రాజెక్టు చేసినవాళ్లు.

ప్రశ్న: పెళ్లి రోజుకని ఒక వెబ్‌సైట్‌లో మా ఆవిడ పేరు నక్షత్రానికి పెట్టించి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ తెప్పించాను. మీ పోయిన నెల జవాబు చదివి మా బావమరిది అది చెల్లదంటున్నాడు. చెల్లుతుందా? గ్రహశకలానికైతే డబ్బు కట్టి పెట్టించుకోవచ్చా?
— పేరు వేయొద్దన్నారు, విశాఖపట్నం

బావమరిది చెప్పింది నిజం. బాధగా ఉంటుందని తెలుసు. అలాంటి అమ్మకందార్లు తమ సొంత పుస్తకంలో పేరు రాసుకుని మీకు కాగితం పంపుతారు, ఖగోళ శాస్త్రజ్ఞులెవరూ ఆ పుస్తకం తెరవరు. పేర్లు ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఒక్కటే, అది నయాపైసా తీసుకోదు. ఫ్రేము మాత్రం తీసేయకండి, మీరు ఎంత ప్రేమతో తెప్పించారో ఆ కాగితం చెల్లుబాటు మీద ఆధారపడదు.

డబ్బుకు పేరు అమ్మిన సందర్భం చరిత్రలో లేకపోలేదు. ఆస్ట్రియాకు చెందిన యోహాన్ పలీసా కన్నుతోనే చూసి నూటికి పైగా గ్రహశకలాలు పట్టిన ఘనుడు. ఆయనకు 1886 సూర్యగ్రహణం చూడటానికి ప్రయాణ ఖర్చులు కావాల్సి వచ్చి, కొత్త గ్రహశకలానికి పేరు పెట్టే హక్కు యాభై పౌండ్లకు ఇస్తానని 1885లో పత్రికలో ప్రకటన వేశారు. రోత్‌షీల్డ్ కుటుంబంలో ఒకాయన కొని తన భార్య పేరు పెట్టించుకున్నారు. 250 నంబరు బెట్టీనా అలా వచ్చిందే. అంటే మీరు చేయాలనుకున్న పనే, కాకపోతే నూట నలభై ఏళ్లు ఆలస్యమైంది. అదే ఏడాది మన పాగ్సన్ మద్రాసులో చివరిదైన వీరాను పట్టుకున్నారు, దాన్ని అమ్మలేదు.

ఆయన ఇంగ్లండులో ఉన్నప్పుడు 1856లో కనుగొన్న 42 నంబరు గ్రహశకలం పేరు ఐసిస్. ఈజిప్టు దేవత పేరే, ఆక్స్‌ఫర్డు దగ్గర థేమ్స్ నదినీ అదే పేరుతో పిలుస్తారు, కానీ పాగ్సన్ కూతురు ఎలిజబెత్ ఐసిస్ పేరులో కూడా అది ఉంది. ఆ అమ్మాయి పెద్దయ్యాక మద్రాసు అబ్జర్వేటరీలోనే తండ్రికి సహాయకురాలిగా ఉద్యోగం చేసింది. ఇంటి ఆడవాళ్ల పేర్లు ఆకాశానికి ఎక్కించే అలవాటు అప్పటి నుంచీ ఉంది, మీరేం సిగ్గుపడక్కర్లేదు.

ప్రశ్న: పండిట్ జస్‌రాజ్ గారి పేరున్న గ్రహశకలానికి '2006 వీపీ32' అని కూడా రాశారు ఒక చోట. ఈ వీపీ ఏమిటి? లాటరీ టిక్కెట్టు నంబరులా ఉంది.
— సంగీతాభిమాని, రాజమహేంద్రవరం

అదే నేను పైన చెప్పిన తాత్కాలిక గుర్తు. తెలిస్తే భలే సరదాగా ఉంటుంది. 2006 అంటే దొరికిన ఏడాది. ఏడాదిని ఇరవై నాలుగు పక్షాలుగా విడగొట్టి (మన తిథులతో సంబంధం లేదు, నెలలో మొదటి పదిహేను రోజులు ఒకటి, మిగతావి ఒకటి) ఇంగ్లీషు అక్షరాలు వరసగా ఇస్తారు. ఒకటితో కలిసిపోతుందని ఐ అక్షరం వదిలేస్తారు. అలా లెక్కిస్తే వీ అంటే నవంబరు మొదటి సగం. రెండో అక్షరం ఆ సగంలో ఎన్నోది అన్నది: ఐ లేకుండా పీ పదిహేనోది. ఇరవై అయిదు అక్షరాలూ అయిపోతే మళ్లీ మొదటికొచ్చి పక్కన 1 వేస్తారు, మళ్లీ తిరిగితే 2. ఇక్కడ 32 సార్లు తిరిగింది. ఇరవై అయిదును 32తో గుణించి 15 కలపండి, 815. అంటే ఆ పదిహేను రోజుల్లో గుర్తు పొందినవాటిలో అది 815వది! పాగ్సన్ ఆసియాను పట్టుకున్ననాటికి ప్రపంచం మొత్తం మీద 67, ఇప్పుడు పక్షం రోజులకే వందలు.

శాశ్వత నంబరు ఇంకా సరదా. జస్‌రాజ్ గారి గ్రహశకలం నంబరు 300128. వెనక నుంచి రెండేసి అంకెలు చదవండి: 28, 01, 30. ఆయన పుట్టింది 1930 జనవరి 28న. 2019లో ఈ పేరు ఖాయమైంది.

భారత గడ్డ మీద నుంచి దొరికినవాటిలో మీకు నచ్చేది ఇంకోటి ఉంది, 4130 రామానుజన్. తమిళనాడులో కావలూరు అబ్జర్వేటరీలో రాజమోహన్ గారి బృందం 1988 ఫిబ్రవరిలో కనుగొన్నది. పాగ్సన్ వీరా తర్వాత మన దేశం నుంచి ఇంకోటి దొరకడానికి 103 ఏళ్లు పట్టిందన్నమాట. ఎందుకంత ఆలస్యమంటే, 1891 డిసెంబరులో, పాగ్సన్ పోయిన ఆర్నెల్లకే, జర్మనీలో మాక్స్ వోల్ఫ్ ఫోటో ప్లేటు మీద గ్రహశకలాన్ని పట్టేశారు. గంటల తరబడి వెలుగు పడనిస్తే నక్షత్రాలు చుక్కలుగా, గ్రహశకలం చిన్న గీతగా పడుతుంది. ఆ తర్వాత కన్నుతో వెతికేవాళ్ల పని అయిపోయినట్టే. 1899 కల్లా మద్రాసు ఖగోళ పని కూడా కొడైకెనాల్‌కు మారింది, అక్కడ దృష్టి సూర్యుడి మీద.

ప్రశ్న: ఆసియాను మా మేడ మీద నుంచి చూడొచ్చా?
— ఇంటర్ విద్యార్థి, కర్నూలు

ఉత్త కళ్లతో చూడలేవు. దగ్గరగా వచ్చినప్పుడు ఒక మోస్తరు టెలిస్కోపు కావాలి, చీకటి కావాలి, మొబైల్‌లో నక్షత్ర పటం ఉండాలి. మొదలుపెట్టడానికి వెస్టా అనే గ్రహశకలం మంచిది, అది బాగా దగ్గరకొచ్చిన రోజుల్లో మామూలు బైనాక్యులర్‌కే దొరుకుతుంది. యాప్‌లో వీటి పక్కన ప్రకాశం అంకె ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, అయిదు అంకెల తేడా అంటే వెలుగులో వంద రెట్లు తేడా. ఆ కొలతను అలా లెక్కగా కుదిర్చింది ఎవరనుకున్నావ్? మళ్లీ మన పాగ్సనే, 1856లో.

ప్రశ్న: మా నాయకుడి పేరు ఒక గ్రహశకలానికి పెట్టించాలని యువజన సంఘంలో తీర్మానం చేశాం. విధానం తెలపగలరు.
— మండల కేంద్రం పేరు కూడా రాశారు, నేనే తీసేశాను

రాజకీయ నాయకుల పేర్లూ, సైన్యానికి సంబంధించినవాళ్ల పేర్లూ వాళ్లు పోయి నూరేళ్లు నిండాకే పరిశీలిస్తారు. కాబట్టి మీ నాయకుడికి అర్హత రాకూడదనే కోరుకుందాం. కంపెనీ పేర్లు కుదరవు, తిట్లు కుదరవు. పెంపుడు జంతువుల పేర్లు పెట్టొద్దని కూడా అంటారు, ఎందుకంటే ఒకాయన తన పిల్లి పేరు మిస్టర్ స్పాక్ అని 2309కి పెట్టేశాడు, దాని మీద అప్పట్లో పెద్ద గొడవే అయ్యింది. పేరు మాత్రం ఇప్పటికీ ఉంది, పిల్లి అదృష్టం.

ప్రశ్న: అచ్చంగా మన తెలుగు పేర్లు పెట్టడానికి అడ్డేమైనా ఉందా? తెలుగు లిపిలో రాస్తారా?
— గృహిణి, తెనాలి

అడ్డేమీ లేదమ్మా. కనుగొన్నవాళ్లకు నంబరు వచ్చాక పదేళ్ల దాకా పేరు సూచించే హక్కు ఉంటుంది. వాళ్లు వాడుకోకపోతే వేరేవాళ్లూ సూచించవచ్చు. జపాన్‌లో 1988లో దొరికిన 4538 నంబరు దానికి చాలా ఏళ్లు పేరే లేదు, 2015లో విశ్వనాథన్ ఆనంద్ గారి పేరు పెట్టారు, పేర్ల కమిటీలో ఒకాయనకు చదరంగం పిచ్చి ఉండబట్టి. పేర్లు లేనివి ఇంకా కోకొల్లలు. పదమూడు లక్షలకు పైగా రాళ్లు తెలిస్తే పేర్లున్నవి ఏ పాతిక వేలో.

తెలుగు లిపి కుదరదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి, మధ్యలో ఖాళీలతో కలిపి పదహారు అక్షరాలు మించకూడదు, వీలైతే ఒకే మాటగా ఉండాలి. మన పేర్లకు అసలు చిక్కు ఇక్కడే. మా ఇంట్లో కూర్చుని లెక్కపెట్టాం. సూర్యనారాయణ పదమూడు, హాయిగా పడుతుంది. వెంకటరమణ కూడా పదమూడే. లక్ష్మీనరసింహ సరిగ్గా పదహారు, చివర 'మ్' పెడితే బయటికి వస్తుంది. మా పెదనాన్న సత్యనారాయణమూర్తి గారు పంతొమ్మిది అక్షరాలు, ఆయన పక్కనే కూర్చుని లెక్క విని, 'మూర్తి తీసేసి పెట్టమనరా, నేనేమీ అనుకోను' అన్నారు.